పక్క సీటావిడ

“‘ఈసారి కూడా నా పక్క సీటు ఖాళీగా లేదు.’” పైకి చదివి, ఆదివారం అనుబంధాన్ని మడిచి కాఫీ కప్పు పక్కన పెట్టింది భార్య. “ఏమండీ, ఆవిడ మళ్లీ వచ్చిందా?”

యాత్రా రచయిత టీవీ మీంచి చూపు తిప్పలేదు. “ఏ ఆవిడ?”

“ఏమీ ఎరగనట్టు అడుగుతారేం? ప్రతివారం మీ పక్కన కూర్చుని, కమలాపండు ఒలిచి సగం మీకు పెట్టే ఆవిడ.”

“ప్రయాణమన్నాక మనుషులు కలుస్తారు. ఒక్కోసారి ఒక్కొక్కరు.”

“మనుషులు మారతారు గానీ పండు మాత్రం మారదు, కదూ?”

నిజానికి ఆ ఆవిడ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. కొండలూ వాగులూ ఎవరు చదువుతారండీ, ఒక మనిషిని పెట్టండి అని సంపాదకుడు చెవినిల్లు కట్టుకుని పోరితే కాలమ్‌లో పుట్టించాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేకపోయాడు. రోజూ వార్తలు చూస్తూ ఈ చానెళ్లవాళ్ల నోట ఒక్క నిజమూ రాదని విరుచుకుపడే మనిషి, తానూ కల్పించే రాస్తానని పెళ్లాం ముందు ఎలా ఒప్పుకుంటాడు?

అయితే ఈ పొద్దున ఆయన బాధ అది కాదు. ఈసారి ఆయన అసలు బస్సే ఎక్కలేదు.

ఎక్కడానికి మనసెలా వస్తుంది? ఎప్పుడూ ఏ ఊరని కూడా అడగని భార్య, ఈసారి ఏ బస్సు, ఏ సీటు, ఎన్నింటికి బయల్దేరుతుందని ఆరా తీసింది. బీరువా మీద పాత దుప్పటి కింద కొత్త సంచీ కనబడింది. పైగా వంటింట్లో ఫోన్లో గుసగుసలు: “ఆయనకి మాత్రం తెలియకూడదు.” ఆ మాట విన్నాక ఆయనకి ముద్ద దిగలేదు. పెట్టె పట్టుకుని దర్జాగా ఇల్లు దాటి, సందు చుట్టూ తిరిగొచ్చి, తమ ఇంటికి ఎదురుగా ఉన్న లాడ్జిలో మేడమీద గది తీసుకున్నాడు.

పరదా పక్కకి తీశాడో లేదో, ఆవిడ కొత్త సంచీ భుజాన వేసుకుని, జడలో పిన్నులు సర్దుకుంటూ గుమ్మం దిగింది. తాళం వేసి, ఆటో ఎక్కింది. ఆ రాత్రి రాలేదు. మర్నాడు రాత్రీ రాలేదు. ఆ మురికి పరదా వెనక కూర్చుని, కళ్లు కాయలు కాచేలా ఆ తాళం వంకే చూస్తూ, చూడని ఊరి గురించి కాలమ్ రాసి పంపించాడు. మూడో రోజు ఆవిడ తిరిగొచ్చాక, తానూ ఊరి నుంచే వస్తున్నట్టు పెట్టెతో ఇల్లు చేరాడు.

ఇప్పుడు ఎలా అడగాలి? అడిగితే తన గుట్టు బయటపడుతుంది. అడక్కపోతే ఊపిరాడదు. ఇన్నేళ్ల కాపురం చేతుల్లోంచి జారిపోతోందన్న భయం ఆయన్ని నిలవనివ్వలేదు.

“నేను లేని రెండు రోజులూ ఇంట్లోనే ఉన్నావా?”

“ఇంట్లో కాక ఇంకెక్కడుంటాను?” ఆవిడ కప్పులోకి చూస్తూ అంది.

అబద్ధం! పచ్చి అబద్ధం! ఆయన టీవీ కట్టేశాడు.

“ఇంటికి తాళం ఉందట కదా.”

“ఎవరన్నారు?”

“పక్కింటావిడ.”

“పక్కింటావిడ కూతురి పురిటికి వెళ్లి నెలయింది. ఇంకా రాలేదు.” ఆవిడ తలెత్తి సూటిగా చూసింది. “నిజం చెప్పండి. ఎవరు చూశారు?”

“ఎవరు చూస్తే ఏంటి? తాళం ఉందా లేదా?”

“ముందు మీరు చెప్పండి. బస్సులో పక్కన కూర్చున్నది ఎవరు?”

“మాట మార్చకు!”

“మార్చింది మీరు. ఆవిడ పండు ఒలిచిందా, లేదా?”

“ఒలిచింది! సగం ఇచ్చింది! తియ్యగా ఉంది! చాలా?” పౌరుషం కొద్దీ అరిచాడు. “పత్రికలో అచ్చయింది కదా, ఇంకా అనుమానం దేనికి?”

ఆవిడ ముఖం మాడిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు గానీ, ఏడవలేదు. అదే ఆయన్ని ఇంకా రెచ్చగొట్టింది.

“నేనే చూశాను! ఎదురు లాడ్జిలో కూర్చుని నా కళ్లతో నేనే చూశాను! సింగారించుకుని ఆటో ఎక్కావు. రెండు రాత్రులు ఇల్లు చీకటి! ఎవరితో పోయావో చెప్పు!”

అనేశాక గాని ఏం అన్నాడో తెలియలేదు.

“అయితే మీరు ఊరే వెళ్లలేదన్నమాట,” అందావిడ నెమ్మదిగా. “మరి ఆవిడ?”

“ఆవిడ లేదు. ఎప్పుడూ లేదు. అంతా రాత కోసం.” పత్రిక వంక వేలు చూపించాడు. “నా సంగతి అయిపోయింది. ఇక నీ సంగతి చెప్పు.”

ఆవిడ లోపలికి వెళ్లి ఆ కొత్త సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించింది. వాడిపోయిన కమలాపండ్లు దొర్లుకుంటూ వెళ్లి పత్రికకి తగిలి ఆగాయి.

“ఒక్కసారైనా ఆ ఆవిడ చోట్లో నేను కూర్చోవాలనిపించింది. మీకు తెలియకుండా ఫోన్లో మాట్లాడి మీ పక్క సీటు కొనుక్కున్నాను,” అందావిడ. “వచ్చే స్టాపులో ఎక్కుతారు, వచ్చే స్టాపులో ఎక్కుతారు అనుకుంటూ చివరిదాకా మీ ఖాళీ సీటు పక్కనే కూర్చున్నానండీ.”