మచ్చుకో మాస్టారు

"పాఠం మీరు ఎంచుకోకూడదండి. పేజీ మా అమ్మాయే తీస్తుంది. మీకు వదిలేస్తే బట్టీపట్టిందే చెబుతారు."

కడియంలో నర్సరీ నడిపే వీరవెంకటసత్యనారాయణ గారు ఆ మాట అనేసరికి, రాజమండ్రి నుంచి వచ్చిన కంప్యూటర్ మాస్టారు బిత్తరపోయాడు.

సత్యనారాయణ గారి పేరు ఎంత పొడుగో, అనుమానం దానికంటే రెండు మూరలు ఎక్కువ. ఎక్కడైనా గింజంత దొరికితే చాలు, సాయంత్రానికల్లా దాన్ని మొక్క చేసి కుండీలో పెట్టేస్తారు. ఆయనకున్నవి రెండు నర్సరీలని ఊళ్లో నవ్వుకుంటారు. ఒకటి రోడ్డు పక్కన, ఒకటి బుర్రలో.

ఆ ఏడాదే స్కూల్లో తొమ్మిదో తరగతికి కంప్యూటర్ సబ్జెక్టు పెట్టారు. పెట్టిన రెండో నెలకే చెప్పే సారుకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సారు పోయాడు గానీ పరీక్ష పోలేదు. "ఇందులో తప్పితే పదో తరగతికి పంపం" అని హెడ్‌మాస్టారు తేల్చేశారు. "పంపకపోతే చదువు మాన్పించి నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టిస్తాను" అని సత్యనారాయణ గారు తేల్చేశారు. ఇద్దరూ కలిసి తేల్చేసరికి మధ్యలో కూతురు హారతి మునిగింది.

అలా మొదలైంది మాస్టారి వేట. రాజమండ్రిలో వీధికో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజులవి. మాస్టార్లకు కొదవ లేదు. నమ్మకానికే కొదవ.

"వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒకటేనే" అన్నారాయన భార్య లోవలక్ష్మితో. "మచ్చుకి చూపించే మొక్క నవనవలాడుతూ ఉంటుంది. లారీ లోడు దించాకే వంకర్లు బయటపడతాయి. మాస్టారైనా అంతే. మొదటిరోజు ప్రాణం పెట్టి చెబుతాడు. రెండోరోజు నుంచి మన కాఫీ తాగి ఆవలిస్తాడు."

"మొదటిరోజు ఎవర్నీ నమ్మరు, రెండోరోజు ఎవర్నీ రానివ్వరు. ఇంక పిల్ల చదివేదెప్పుడండీ?"

"నువ్వూరుకో."

హారతి ఓ మూల కూర్చుని, కంప్యూటర్ పుస్తకానికి అట్ట వేసుకుంటూ అంతా వింది.

మొదటి మాస్టారు గంటసేపు చెమటలు కక్కుతూ చెప్పాడు. సత్యనారాయణ గారు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కంప్యూటర్ వంక చూడలేదు. మాస్టారి వీపు వంకే చూశారు. ఆ మాస్టారు పెరట్లో చేతులు కడుక్కునేలోగా కూతుర్ని పక్కకి పిలిచారు.

"ఏమ్మా, ఎలా చెప్పాడు?"

"బాగానే చెప్పారు నాన్నా. కానీ..."

"ఆఁ, కానీ?"

"ఎలక లేనిదే పని జరగదంటున్నారు."

"ఎలకా! మొక్కల వేళ్ళు కొరికేస్తున్నాయని నేను ఊరంతా బోన్లు పెడుతుంటే, ఈయన ఎలకల్ని పెంచమంటాడా?"

మాస్టారి చేతిలో ఓ గులాబీ మొక్క పెట్టి సాగనంపారు. ఎంత అనుమానమైనా మర్యాద మర్యాదే. గుమ్మం తొక్కినవాణ్ణి వట్టి చేతులతో పంపడం ఆ ఇంట్లో లేదు.

రెండో ఆయన ఎమ్సీయే.

"బాగానే చెప్పారు నాన్నా. కానీ గంటసేపూ ఒకటి, సున్నా తప్ప ఇంకో అంకె పలకలేదు."

"ఓరి నాయనో, రెండు కూడా రాదా! ఆ సర్టిఫికెట్ ఎక్కడ కొన్నాడో!"

మందారం మొక్క.

తరవాత నాగశ్రీ అనే మేడమ్ వచ్చింది. ఆడకూతురు కదా అని సత్యనారాయణ గారి అనుమానం కాస్త కునికింది. మళ్ళీ హారతే లేపింది.

"బాగానే చెప్పారు నాన్నా. కానీ ఓ రహస్యం మాట పెట్టుకోమన్నారు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదట."

"నాన్నకి చెప్పకూడని రహస్యమా! తొమ్మిదో తరగతిలోనే!"

నందివర్ధనం మొక్క.

మరొకాయన వైరస్ ఒకదాన్నుంచి ఒకదానికి ఎలా అంటుకుంటుందో వివరంగా చెప్పాడు. ఆ యేడు వైరస్ తగిలి సత్యనారాయణ గారి అరటి పిలకలు సగం పోయాయి. ఆ మాస్టార్ని గేటు బయట నిలబెట్టి, మల్లె మొక్కని కర్రతో ముందుకు తోశారు.

ఇంకొకాయన ప్రోగ్రాంలో పురుగులుంటాయని ఒప్పేసుకున్నాడు.

"మందేం కొడతాడో అడిగావా?"

"కూర్చుని ఒక్కొక్కటీ ఏరాలట నాన్నా."

"ఏరుకోమను, వాళ్ళింట్లో!"

ఆ మూడు నెలలూ కడియంలో బస్సెక్కిన ప్రతి కంప్యూటర్ మాస్టారి ఒళ్ళోనూ ఓ మొక్క ఉండేది. పదో మాస్టారికి కరివేపాకు మొక్క ఇచ్చారు. ఆయన మొక్క వంకా తన వంకా మార్చి మార్చి చూసుకుంటూ వెళ్ళాడు.

ఇంతలో పరీక్ష రానే వచ్చింది.

"ఒక్క మాస్టార్నీ కుదర్చలేకపోయానమ్మా" అన్నారు సత్యనారాయణ గారు గుమ్మంలో నిలబడి.

"పర్లేదు నాన్నా" అని పరీక్ష అట్ట పట్టుకుని వెళ్ళిపోయింది హారతి.

మార్కులొచ్చాయి. కంప్యూటర్లో తొంభై నాలుగు. క్లాసు ఫస్టు.

లోవలక్ష్మి చక్కెర డబ్బా కోసం పరిగెత్తింది. సత్యనారాయణ గారు మాత్రం ప్రోగ్రెస్ కార్డు ఎండలో పెట్టి, దిద్దిన గుర్తుల కోసం వెతికారు. దొరకలేదు. మొట్టమొదటిసారి ఆయన అనుమానం కూతురి మీదికి తిరిగింది.

"మాస్టారే లేకుండా తొంభై నాలుగెలా వచ్చాయమ్మా? కాపీ కొట్టావా?"

"లేదు నాన్నా. మీరు చెప్పినట్టే చదివాను."

"నేనా? కంప్యూటర్ గురించి నాకేం తెలుసని?"

హారతి అట్ట వేసిన పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చీటీలు రాలతాయేమోనని ఆయన దాన్ని తలకిందులు చేసి దులిపారు. ఏమీ రాలలేదు. అట్ట విప్పి చూశారు. ఏమీ లేదు. మొదటి పేజీ తిప్పారు.

విషయసూచికలో ఉన్నవి మొత్తం పదే పాఠాలు. ఒక్కో పాఠం పక్కనా, ఆయన మొక్క చేతికిచ్చి సాగనంపిన ఒక్కో మాస్టారి పేరు, వచ్చిన వరస తప్పకుండా, హారతి గుండ్రటి చేతిరాతలో రాసి, టిక్కు కొట్టి ఉంది.