తలుపు సందులో రబ్బరు పట్టీ

ట్రెడ్‌మిల్లు కొంటే మంచం బయట వేసుకోవాలి. డంబెల్స్ కొంటే కింది వాటా పిన్నిగారు ఊరుకోరు. కొత్త దంపతులు దుకాణమంతా కలియతిరిగి, చివరికి కసరత్తుకు సాగే రబ్బరు పట్టీ తెచ్చుకున్నారు.

"కాళ్లరిగేలా తిప్పి కొన్నది పైజమా ఎలాస్టిక్కా?" అని ఏడిపించి, భర్త రాత్రి డ్యూటీకి వెళ్లాడు.

ఆమె ముసిముసిగా నవ్వుకుంటూ పట్టీ చివర ముడి వేసింది. ముడి హాల్లో ఉండేలా పడగ్గది తలుపు మూసి, రెండో కొస పట్టుకుని లాగింది. చిన్నప్పుడు తాతయ్యతో తువాలాట అచ్చం ఇలాగే ఉండేది. తలుపుకు చెరోవైపు నిలబడి లాగేవారు. చివర్లో ఆయన కావాలనే పట్టు వదిలి పకపకా నవ్వేవాడు.

"నీ పెళ్లయ్యాక మాత్రం నేను ఓడిపోనే బుజ్జీ" అనేవాడు. ఆ పెళ్లి చూడకుండానే పోయాడు.

ఆమె లాగడం ఆపింది. పట్టీ మాత్రం బిగుతుగానే ఉంది. చీకటి హాల్లోంచి ఎవరో ఆడుకుంటున్నట్టు మెల్లగా గుంజారు.

ఆమె చెయ్యి గడియ దాకా వెళ్లి ఆగింది. తలుపు తీస్తే ఆట ఆగిపోతుందేమో.

"ఈసారి నువ్వే గెలువు తాతయ్యా" అని వేళ్లు వదులు చేసింది.

పట్టీ కింద పడలేదు. సందులోంచి నెమ్మదిగా అవతలికి జారిపోయింది. ఆమె తలుపుకు చెవి ఆనించి, ఆ నవ్వు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.