తాడుకి అటు చివర

మునిగిపోయిన జర్మన్ జలాంతర్గామి కెప్టెన్, బ్రిటిష్ ఓడ మీంచి వేసిన తాడు పట్టుకుని సగం దూరం ఎక్కాడు. పైనున్న నావికుడు టార్క్విల్ ఆ ఎర్రగడ్డాన్ని చూడగానే చాకు తీశాడు.

“నన్ను గుర్తుపట్టావురా? పోయిన చలికాలం మా ఓడ కడుపులో టార్పెడో దింపావు. మా తమ్ముడు ఇంకా ఈ నీళ్లలోనే ఉన్నాడు. పోయి పలకరించు!”

తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

కెప్టెన్ తలెత్తి చూశాడు. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“ఆ రోజు చిన్న పడవలో తెడ్డు వేస్తున్నది నువ్వే కదా? నా దిక్సూచి నీ చేతికే ఇచ్చాను. తీరం దొరికిందా? అందరూ చేరారా?”

పన్నెండు మందిమీ చేరామని చెబుదామని టార్క్విల్ వంగేసరికి, మిగిలిన ఆ ఒక్క పోగూ తెగిపోయింది.