కంచెలో సందు

తెల్లారేసరికి ఆకాశం మసిగుడ్డలా కిందికి వేలాడుతోంది. చినుకు మాత్రం రాల్చడం లేదు. వెల్డరు తన జనరేటరు బండిని పెద్దరోడ్డు మధ్యకు లాక్కొచ్చి, రోడ్డును రెండుగా చీల్చే ఇనుపకంచెలో మనిషి పట్టేంత సందు దగ్గర ఆపాడు. అటువైపు రాత్రింబగళ్ళు తెరిచుండే పెద్ద స్టోరు, దాని ముందు బారులు తీరిన కార్లు. ఇటువైపు కారన్నదే లేని పేట. స్టోరు వచ్చాక పేటలో ఉన్న ఒక్క కొట్టూ మూతబడింది. అప్పటినుంచి ఉప్పుకైనా మందుబిళ్ళకైనా ఈ సందే దారి.

బండిలోంచి రెండు కడ్డీలు తీసి నిలబెట్టాడు. కొలవకుండానే అతికినట్టు సరిపోయాయి.

సంచీతో వచ్చిన టైలరమ్మ ఆగిపోయింది. "ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

"మూసేస్తున్నా అక్కా."

"మేమెట్లా పోవాలి మరి?"

"వంతెన కిందనుంచి."

"అంత చుట్టు తిరిగొచ్చేసరికి పొయ్యి మీద ఎసరు ఇగిరిపోద్ది. నా మోకాళ్ళకి నువ్వు వెల్డింగ్ చేస్తావా?"

వెనకే వచ్చిన ముసలాయన, పేటంతటికీ పోస్టుమామ, కంచె పట్టుకుని నవ్వాడు. "కారు లేనోడికి ఆకలెందుకులే అనుకున్నారేమో పైవాళ్ళు. రోడ్లాఫీసు వాళ్ళు చెప్పారటోయ్?"

"ఎవరూ చెప్పలేదు మామా."

నవ్వు ఆగింది. "మీ ఆవిడ ఇక్కడ దాటుతూ పోయిందని ఊరందరి దారీ మూస్తావా?"

"రేపటినుంచి సరుకులకి మా అమ్మాయి దాటాలి."

లారీ ఒకటి రివ్వున పోయింది. కంచె పొడవునా వణికింది. టైలరమ్మ కొంగు దాని వెంటే పోతానన్నట్టు లేచింది. ఆమె కొంగు బిగించుకుని వెనక్కి నడిచింది. పోస్టుమామ కూడా తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఒక కడ్డీ అతికించి, వెల్డరు ముసుగు పైకెత్తాడు. స్టోరు వైపు అంచున రెండు చేతులా సంచులతో కూతురు. అతను లేవకముందే వెళ్ళినట్టుంది. కార్లకేసి చూస్తూ, ఒక కాలు రోడ్డు మీద పెట్టింది.

అరిస్తే తన వైపు చూస్తుంది, కార్లను చూడదు. అరవలేదు. లేచి నిలబడి చెయ్యి అడ్డంగా చాచాడు. ఆమె చూసింది. కాలు వెనక్కి తీసుకుంది. వంతెన వైపు వేలు చూపించాడు. సంచులు సర్దుకుని ఆమె అటు నడిచింది. కనుమరుగయ్యేదాకా చూసి, రెండో కడ్డీ కూడా అతికించేశాడు.

ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సంచుల పట్టీలు వేళ్ళలో ఎర్రగా దిగబడ్డాయి. తండ్రి మీద విసుక్కోలేదు. వండి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"అమ్మ పోకముందే నువ్వీ పని చేసుంటే బావుండేది నాన్నా."

అతను కంచంలోంచి తల ఎత్తలేదు.

భార్యకు నడక తగ్గుతుందని ఆ సందు కోసింది అతనే.