వేరు పొయ్యి

“అడుగు ఇంకా మందంగా ఉండేది చూపించప్పా” అంది ఆంజినమ్మ, నాలుగో గిన్నెను వేలితో కొట్టి చూసి.

అనంతపురం పాతూరులో వాళ్లు ఎక్కి దిగిన అంగళ్లలో అది మూడోది. కోడలు లక్ష్మీదేవికి కాళ్లు పీకుతున్నాయి. ఇంతసేపూ ఏరుతున్న గిన్నెలు ఎవరికో అత్త చెప్పలేదు. ఈ సీమలో వాన ఎంత అరుదో, ఆంజినమ్మ నోట మాట అంత అరుదు.

“ఎందుకవ్వా అంత మందం?” అన్నాడు అంగడి దేవేంద్ర.

“సంగటి మాడగొట్టే రకమప్పా.”

లక్ష్మీదేవి తల దించుకుంది. పన్నెండేళ్లలో ఆమె సంగటి మాడ్చింది ఒక్కసారే. మొగుడు గిరి బెంగుళూరులో ఇంకొకామెతో కాపురం పెట్టాడని తెలిసిన రోజు. అది జరిగి నాలుగేళ్లు. అప్పటినుంచి కూలికి పోయి అత్తకింత ముద్ద పెడుతూనే ఉంది. ఆ ఒక్క మాడు మాత్రం అత్త మరిచిపోలేదన్నమాట.

పోయిన వారం గిరి తిరిగొచ్చాడు. ఏమీ జరగనట్టు కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. నిన్న పొద్దున గోడ అవతల అత్త వాడితో అంటున్న మాట లక్ష్మీదేవి చెవిన పడింది. “ఇంక ఒక పొయ్యి మీద కుదరదు. వేరు పెట్టాల్సిందే.”

ఎంతైనా కన్నపేగు. కొడుకు రాగానే కోడలు పరాయిదైపోయింది. పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేదు. ఆ వంటిల్లు దాటితే తాను యాడికి పోవాలి?

“ఇది కాళ్ల మధ్య పెట్టుకుని చూడు మే” అంది ఆంజినమ్మ.

లక్ష్మీదేవి కింద కూర్చుని, గిన్నెను రెండు పాదాలతో అదిమి, సంగటి కట్టె తిప్పినట్టు చెయ్యి తిప్పింది. 

“జారదు అత్తా. కానీ పిడులు నా చేతికి పెద్దవి.”

“పెద్దవే ఉండనీ. ఒంటి మనిషికి సరిపోతాదా?”

“సరిపోతాది.”

తన మెడకు ఉరి తానే పేనుకుంటున్నట్టుంది లక్ష్మీదేవికి. అయినా గిన్నె మంచిదే, అబద్ధమెందుకు చెప్పాలి? దాని పక్కన ఒక కంచం, ఒక లోటా, ఒక గరిటె చేరాయి. అన్నీ ఒక్కొక్కటే. ఇక ఆపుకోలేకపోయింది.

“అత్తా, నేనేం తప్పు చేసినా?”

“అంగట్లో ఏడుపులేంది మే? పని కానీ” అని ఆంజినమ్మ గిన్నె అందుకుంది.

దేవేంద్ర పేర్లు కొట్టే మిషన్ తీశాడు. ఇంట్లో గిన్నెలన్నిటి మీదా ఉన్నది ఆంజినమ్మ పేరే. లక్ష్మీదేవి పన్నెండేళ్లు ఆ పేరును తోమింది. ఇప్పుడు ఈ గిన్నె మీద తన పేరు పడితే, ఆ ఇంట్లో మిగతావేవీ తనవి కావు. చూడలేక రోడ్డు వైపు తిరిగింది.

“పేరేం కొట్టాలవ్వా?”

“గిరి అని కొట్టప్పా.”