గడ్డిలో వేడి

"చెయ్యి పెట్టి చూడప్పా. చల్లగానే ఉండాది," అంది పిల్లమ్మ.

ఓబలప్ప మామిడికాయల మీద కప్పిన వరిగడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. రాబర్ట్‌సన్‌పేట మండీ తరఫున ఏటా కాయ చూడటానికి వచ్చే మనిషి. మాగితే బండి పిలిపించి ఎత్తుకుపోతాడు.

"కాయ కూడా ఊపిరి తీస్తాదమ్మా. మాగేటప్పుడు రొప్పుతాది, ఒళ్ళు కాల్తాది. ఇది ఇంగా రొప్పలేదు."

"తెంపినాక ఊపిరి యాడిదప్పా?"

"పాణం ఉంటాది గదా. లోపల మాంసకృత్తులు మారతాయి. అవే పిండిని చక్కెర చేసేది."

"మాంసమా? శనివారం పూట ఆ మాట నా ఇంట్లో ఎత్తద్దు."

అతను నవ్వాడు. ఆమె కాఫీకి నీళ్ళు పెట్టింది.

భర్త పోయాక బైరకూరులో ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఒంటరిదాని ఇంటికి మగవాడు వెళితే రంకు, ముత్తైదువ వెళితే అశుభం. బేరానికి వస్తే మాత్రం ఏ తప్పూ లేదు. ఈ ఊరి నీతి అంతే. అందుకే కాయ మాగకూడదు. పిల్లమ్మ తెల్లవారకముందే లేచి గడ్డి విప్పి గాలాడనిస్తుంది. పసుపు తిరిగినదాన్నల్లా ఏరి ఎనుము తొట్టిలో వేస్తుంది, ఒకటి పండితే పక్కవాటినీ పండిస్తుందని. ఏడాది పంట ఎనుము పాలవుతోంది. అయితే కానీ. అమ్మేస్తే మర్నాటి నుంచి మాట్లాడటానికి గోడలే.

ఎండ ముదిరింది. ఇంక ఏం చేసినా ఆగలేదు. ఇల్లంతా పండు వాసన. ఓబలప్ప వచ్చి గడ్డిలో చెయ్యి పెట్టాడు. లోపల పొయ్యి సెగ. పిల్లమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ఇంగా పచ్చే," అన్నాడతను, చెయ్యి తుడుచుకుంటూ. "రేపు వచ్చి చూస్తా."

"దినమూ ఉత్త చేతుల్తో పోతే మీ సేటు తిట్టడా?"

"తిడితే తిట్టనీలేమ్మా."

ఈ ఏడు ఇతనికి చూపు మందగించిందో, ముక్కు మూసుకుపోయిందో. ఏదైతేనేం, బతికిపోయాననుకుంది పిల్లమ్మ.

"రేపు ముద్ద తిని పోదువులే," అంది.

ఓబలప్ప రెండు బస్సులు మారి రాబర్ట్‌సన్‌పేట చేరాడు. ఎవరూ లేని గది తాళం తీశాడు.

మండీవాళ్ళు అతన్ని పనిలోంచి తీసేసింది కోతలకు ముందే.