నడుము సూది

వేసవి మొదలయ్యాక మూడో శవం ఆసుపత్రి గేటు దాటింది. ఈసారి మారెన్న పెండ్లాం.

కాన్పు కష్టమైతే కడుపు కోసి బిడ్డను తీయాలి. ఇదివరకు అందుకు ముక్కు దగ్గర క్లోరోఫాం గుడ్డ పెట్టేవారు. ఈ ఏడే నడుములో మత్తుసూది వేయడం మొదలుపెట్టారు. ముగ్గురికీ కోత బాగానే కుదిరింది. మూడో రోజుకు జ్వరం, మెడ బిగుసుకుపోవడం, అంతే. దగ్గర్లోని కర్నూలు రాజధాని అయిందని సంబరపడ్డ జనమే ఇప్పుడు తమ ఊరి ఆసుపత్రి పేరెత్తితే హడలిపోతున్నారు.

డాక్టరు సుబ్బయ్య ఆయా మద్దమ్మను పిలిచాడు. సూదులు కాచే పని పన్నెండేళ్లుగా ఆమెదే.

"మద్దమ్మా, కంటికి కనపడని పురుగేదో సూదితో పాటు వెన్నులోకి పోతోంది. చేతికి వేసే సూదైతే ఒళ్లు తట్టుకునేది, వెన్ను తట్టుకోదు. బాగా ఉడికితేనే అది చచ్చేది."

"అర్ధగంట ఉడకబెడతాండా సామీ. చేత్తో ముట్టను. పట్టకారుతోనే తీస్తాండా."

అదీ నిజమే. ఆమె శుభ్రానికి వంక పెట్టినవాడు లేడు. డాక్టరు మందు సీసాలు మార్చాడు. గోడలకు సున్నం కొట్టించాడు. నేలంతా ఫినాయిలుతో కడిగించాడు. ఇంకేం చేయాలో పాపం ఆయనకూ తోచలేదు.

వారం తిరక్కుండానే మద్దమ్మ కూతురు బసమ్మను బండిలో వేసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. కర్నూలుకు తీసుకుపోయే వ్యవధి లేదు.

"అమ్మా, నేనూ మారెన్న పెండ్లాం మాదిరే పోతానా?"

మద్దమ్మ కూతురి తల నిమిరింది.

"అట్లనొద్దు తల్లీ. నీ సూది నా చేతుల్లో ఉండాది. ఎవురినీ ముట్టనీను."

పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుంది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. అర్ధగంట చాలదేమోనని ఇంకో పావుగంట కాచింది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. పట్టకారుతో సూదిని పైకి తీసింది. అది పొగలు కక్కుతోంది.

కాలే సూది కూతురి వీపున చురుక్కుమంటుందని, పన్నెండేళ్లుగా ప్రతి రోగికీ చేసినట్టే, దాన్ని తాగేనీళ్ల కుండలో ఒక్కసారి ముంచి, చల్లార్చి, డాక్టరుకు అందించింది.